మట్టిగోడకు బూట్లు

నెదర్‌కూమ్, డెవన్
9 ఆగస్టు 1959

ప్రియమైన హెస్టర్ అత్తయ్యకు,

నీ బల్ల మీద, నీ కలంతోనే రాస్తున్నాను. తాళంచెవి నువ్వు చెప్పినట్టే బావి పక్కన రాయి కింద ఉంది. ఊరందరికీ అది అక్కడే ఉంటుందని తెలుసట. పాలవాడు నాకంటే ముందే తలుపు తీసి, వెన్న లోపల పెట్టి, మళ్లీ తాళం వేసి వెళ్లాడు. ఇలాంటి తాళాన్ని ఏమనాలో యూనివర్సిటీలో మాకింకా చెప్పలేదు.

చిన్నప్పుడు సెలవులకి వచ్చినప్పుడు ఈ ఇల్లంటే నాకు ఆపిల్ పళ్ల వాసన, అంతే. ఇప్పుడు ఇందులో ప్రతి ముక్కకీ ఒక పేరుందని తెలిసి, ఆ పేర్లను పిప్పరమెంటు బిళ్లల్లా చప్పరిస్తున్నాను. దూలం. వాసం. చూరు. కొప్పు. నిన్న లాంతరు పట్టుకుని అటక ఎక్కి వాసాలన్నీ లెక్కపెట్టాను. అన్నీ మసితో నల్లగా ఉన్నాయి. వాటి మీద మొట్టమొదటి వరస గడ్డి కూడా నలుపే. పొగగొట్టం అనేది లేని కాలంలో, నడింట్లో నేల మీదే మంట వేసుకుని, పొగను కప్పులోంచి దారి వెతుక్కోమని వదిలేసిన రోజుల నాటి మసి అది. తర్వాత వచ్చిన వాళ్లెవరూ ఆ గడ్డిని తీయలేదు, దాని మీదే కొత్త గడ్డి పరుచుకుంటూ వచ్చారు. వేలు పెట్టి రాస్తే అంటుకుంది. ఎప్పుడో ఎవరో వండుకున్న గంజి పొగ నా వేలి మీద! సబ్బుతో కడగాలనిపించలేదు.

ఇక అసలు సంగతి. ఎడ్మండ్ బాబాయి అక్టోబర్ ఇరవై నాలుగున ఇక్కడికొచ్చి, పెద్దగదిలో పడమటి గోడ మీద చెయ్యి పెట్టి చూస్తాడు. గోడ పొడిగా ఉంటే నువ్వు ఇంటికొస్తావు. తడిగా ఉంటే ఎక్స్‌మత్‌లో ఆయన దగ్గరే ఉండిపోతావు, ఇల్లు అమ్మేస్తారు. విరిగిన కాలితో ఇక ఆ మెట్లు ఎక్కలేవు గనక నీ మంచం ఆ గోడ పక్కనే వేయాలి, తడి గోడ పక్కన పడుకుంటే నీ ఊపిరితిత్తులు ఈ చలికాలం దాటవని డాక్టరు అన్నాడు. సరేనని నువ్వు మాటిచ్చావు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే రకం కాదని మన వంశమంతా చెప్పుకుంటుంది, కొందరు మెచ్చుకోలుగా, కొందరు విసుగ్గా.

గోడ సంగతి దాచను. కింది నుంచి నడుం ఎత్తు దాకా తడి. సున్నం పొరలు పొరలుగా రాలుతోంది. చెయ్యి పెడితే కప్ప పొట్ట ముట్టుకున్నట్టుంది. కానీ భయపడకు, నేనున్నాను. బాబాయి చెప్పిన మేస్త్రి వాన్‌స్టన్‌ని అడిగాను. బయటి నుంచి సిమెంటు పూస్తే గోడకు కవచం తొడిగినట్టే అన్నాడు. నువ్వు ఊ అంటే పని మొదలెడతాడు.

పడమటి గోడ కింద నీ పియోనీ పూలమొక్కలకు రోజూ సాయంత్రం నీళ్లు పోస్తున్నాను. మే నెల నుంచి వాన చుక్క లేక ఊరంతా ఎండిపోయింది. అయినా వాటికి లోటు రానివ్వను.

నీ కుర్చీలో కూర్చోవడానికి ఇంకా ధైర్యం చాలని,
టామ్సిన్


ఎక్స్‌మత్
13 ఆగస్టు

ఒసేయ్ టామ్సిన్,

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ల గురించి విన్నాను గానీ, లెక్కపెట్టి ఉత్తరం రాసి మరీ చెప్పేదాన్ని నిన్నే చూశాను.

సిమెంటు ఊసెత్తితే నీకూ నాకూ మాటల్లేవు. మా నాన్న చెప్పేవాడు, ఆయనకి వాళ్ల నాన్న చెప్పాడు: మట్టిగోడకు మంచి టోపీ, మంచి బూట్లు తొడుగు, అది నీ మనవల్ని కూడా సాగనంపుతుంది. టోపీ అంటే గడ్డికప్పు. బూట్లంటే గోడ అడుగున ఉన్న రాతి పీఠం. ఆ రెండూ బాగుంటే మధ్యలో ఉన్నది ఊరి మట్టే అయినా దిగుల్లేదు. ఎద్దులు గడ్డి కలిపి తొక్కిన మట్టి అది, దానికి ఊపిరాడాలి. సిమెంటు పూయడమంటే తడిసొచ్చిన మనిషికి తల తుడవకుండా రబ్బరు కోటు తొడగడం. ఆ వాన్‌స్టన్‌కి నా మాటగా చెప్పు, కవచం వాడి పెళ్లాం వంటింటికి తొడుక్కోమని.

బూట్లకేం, రాయి రాయే, నడిచిపోదు. తప్పంతా టోపీది, ఆ కప్పు నేసేవాడిది. జెత్రో లస్‌కోమ్ జూన్‌లో పడమటి చూరు కత్తిరిస్తున్నప్పుడే అనుకున్నాను, పొట్టిగా కోస్తున్నాడని. వాడి తాత కోసిన చూరు కింద ఇద్దరు నిలబడి, జోరువానలో పెళ్లి మాటలు పూర్తిచేసుకోవచ్చు. వీడి చూరు కింద పిల్లి కూడా తడుస్తుంది. పనిలో శ్రద్ధ లేదు గానీ కొప్పు మీద అలంకారానికి గడ్డినక్కను నిలబెట్టడానికి మాత్రం పొద్దస్తమానం తీరికే.

ఇక్కడి సంగతి అడగవేం? ఎడ్మండ్ ఇల్లు ఎండిన బిస్కెట్టు. గోడలన్నీ నిటారు, మూలలన్నీ పదును. దూలాలు లేవు, ఉంటే కదా రాత్రిపూట కిర్రుమనడానికి. "ఇంట్లో ఎవరైనా పోతే ఎలా తీసుకెళ్తారురా?" అని అడిగాను నిన్న. "గుమ్మంలోంచే అక్కా" అన్నాడు. ఓస్, అంతేనా? మన ఇంట్లో మెట్లు ఇరుకని పైగది నేలలో శవపేటిక దించే తలుపు పెట్టారు మా పెద్దలు. బతికుండగా ఆ దారిన దిగినదాన్ని నేనొక్కదాన్నే. కాలు విరిగి పడి ఉంటే, జెత్రో తాళ్లు కట్టి దించాడు, నేను అరుస్తూ దిగాను. ముందు నా టోపీ పెట్టండిరా అని పెట్టించుకున్నానే గానీ బూట్లు మర్చిపోయాను. ఇప్పుడు ఎడ్మండ్ కొనిచ్చిన కుందేలు చెవుల్లాంటి చెప్పులేసుకుని కుంటుతున్నాను.

పియోనీలకు ఒక్కోదానికి రెండేసి డబ్బాలు పొయ్యి, ఎండ తగ్గాక. వాటికి ఒక్కటే పట్టింపు, దుంప మీది మొలకల కళ్లు మట్టిలో రెండు వేళ్ల లోతు దాటకూడదు. ఆకులు రాలే కాలంలో ఏటా ఒక బుట్టెడు ఆకు ఎరువు వేస్తాను, అదే వాటి పండగ భోజనం. నాలుగేళ్లుగా సరిగా పూయడం లేదు. నత్తల పని. పూల పోటీలో కప్పు పాదిరిగారి భార్య ఎగరేసుకుపోతోంది, ఆవిడ నవ్వు చూడలేక చస్తున్నాను.

నీకు తెలియాలి. ఆ ఇంట్లో గోడ ఒకరిది, కప్పు ఒకరిది, రొట్టెల పొయ్యి ఒకరిది. అన్నీ చచ్చిపోయినవాళ్లు చేసిపెట్టినవే. నేనంటూ చేసింది ఆ పూలమడి ఒక్కటే. మా అమ్మ పోయి ఇల్లు నా చేతికొచ్చిన ఏడాది వేశాను.

నా కుర్చీలో కూర్చో, కొరకదు.
హెస్టర్


నెదర్‌కూమ్
20 ఆగస్టు

అత్తయ్యా,

కుర్చీలో కూర్చున్నాను. కొరికింది. ఎడమ పక్క స్ప్రింగు.

సిమెంటు రద్దు. వాన్‌స్టన్‌కి నీ మాట యథాతథంగా చెప్పాను, పెళ్లాం వంటిల్లు మినహాయించి. కానీ జెత్రో దగ్గర తెలివితక్కువ పని చేశాను. తూర్పు వైపు కొప్పు కడుతున్నాడు కదా, నిచ్చెన మీంచి అరిచాడు:

"మీ అత్త ఉత్తరం రాసిందా? నా గురించి ఏమైనా అందా?"

"టోపీ గురించి రాసింది" అన్నాను.

"టోపీయా? చదువు, చదువు."

మెచ్చుకోలు వింటాననుకుని నవ్వుతున్నాడు పాపం. ఆ ముఖం చూసి కూడా చదివాను. నీ వాక్యాలు అంత బాగున్నాయి మరి, గట్టిగా చదవకుండా ఉండలేకపోయాను. పిల్లి దగ్గరికి వచ్చేసరికి నిచ్చెన దిగడం మొదలెట్టాడు.

"ఆ పిల్లి ముక్క ఇంకోసారి చదువు."

చదివాను.

"అమ్మాయీ, మీ అత్తని తాళ్లతో దించిన రోజు నా భుజం ఊడింది. ఇదిగో, ఇప్పటికీ చెయ్యి ఇంతకంటే పైకి లేవదు. అప్పుడు లేని శ్రద్ధ ఇప్పుడు లేదంటుందా? కాళ్లు తడిస్తే టోపీ కుట్టినవాణ్ణి తిట్టే మనిషిని ఇప్పుడే చూస్తున్నా. నా పని చూరు దగ్గర ఆగిపోతుంది. దాని కింద ఏం జరిగినా దేవుడిని అడుక్కోండి."

నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. తూర్పు కొప్పుకు ఇంకా గడ్డిని పట్టి ఉంచే బద్దలు దిగ్గొట్టలేదు. గడ్డినక్కకు తోక లేదు. దారిన పోయే పిల్లలు దాన్ని గడ్డిపంది అంటున్నారు.

అత్తయ్యా, ఒక సంగతి నన్ను తొలిచేస్తోంది. తప్పు చూరుదైతే వాన నీళ్లు గోడ మీద పడాలి కదా. వానే లేదు. చర్చి దగ్గర గడ్డి గోధుమరంగుకి తిరిగింది. తూర్పు గోడను తడితే పాత రొట్టెలా టకటకమంటోంది. పడమటి గోడ మాత్రం తాగుతూనే ఉంది. ఆకాశం ఇవ్వని నీళ్లు దానికి ఎవరిస్తున్నారు?

జవాబు దొరికేదాకా నిద్రపోనని ప్రతిజ్ఞ చేసి, హాయిగా నిద్రపోతున్న,
టామ్సిన్


ఎక్స్‌మత్
27 ఆగస్టు

టామ్సిన్,

ఉత్తరాలు చదవడం నేర్పించారు గానీ ఎవరికి చదవకూడదో నేర్పలేదా మీ యూనివర్సిటీలో? జెత్రో నా ఎదురుగా ఉంటే నేనే తిట్టేదాన్ని, వాడూ నన్ను తిట్టేవాడు, ఇద్దరం ఆపిల్ కల్లు తాగేవాళ్లం. నా తిట్టు నీ నోట్లోంచి వస్తే అది తిట్టు కాదు, తీర్పు.

అది పోనీ. నిన్న ఎడ్మండ్ ఎంత సంతోషంగా వచ్చాడని! "అక్కా, మన గేటు ముందు వాన్‌స్టన్ బండి ఉందట, మొత్తానికి అమ్మాయికి బుద్ధొచ్చింది." రద్దు అని నువ్వు రాసిన ఉత్తరం నా ఒళ్లో ఉంది. బండి గేటు దగ్గర ఉంది. రెండిట్లో ఏది నమ్మను? మాటలంటే ఇష్టమంటావు. ఇష్టమైన వస్తువును ఇలాగేనా వాడేది?

హెస్టర్


నెదర్‌కూమ్
28 ఆగస్టు

అత్తయ్యా, అత్తయ్యా,

దొరికింది!

మొదటి నుంచీ చెప్తాను. బావి అడుగంటింది. నీ పియోనీల కోసం వాన్‌స్టన్ బండి అడిగి తెచ్చుకుని, వాగు నుంచి పీపాలతో నీళ్లు తోలుతున్నాను. మొన్న సాయంత్రం పీపా నిండుగా ఉందని నాలుగేసి డబ్బాలు పోశాను. పొద్దున లేచి చూస్తే లోపల గోడ మీద తడి గీత రాత్రికి రాత్రే పైకి పాకింది.

అప్పుడు కూడా నాకు వెలగలేదు. మధ్యాహ్నం ఆపిల్ తింటూ బయట పడమటి కిటికీ గట్టు మీద కూర్చున్నాను. సగం తిన్నాక అనుమానం వచ్చింది. నేను దీని మీద ఎలా కూర్చోగలిగాను? ఇంటి చుట్టూ తిరిగి తూర్పు వైపుకి వెళ్లాను. అదే వరస కిటికీ, అదే ఎత్తు గట్టు. అక్కడ అది నా ఛాతీ దగ్గర ఉంది. ఎక్కి కూర్చోవాలంటే స్టూలు కావాలి.

ఇల్లు వంగలేదు. నేల లేచింది. పూలమడి లేచింది!

గోడ పక్కన మట్టిలోకి చెయ్యి దించాను. తూర్పు వైపు రాతి పీఠం నా మోకాలి దాకా కనబడుతుంది. పడమటి వైపు మణికట్టు దాకా దించినా నా వేళ్లకు మట్టిగోడే తగిలింది, మెత్తగా, పిండిలా. ఇంకా కిందకి వెళ్తే అప్పుడు తగిలింది రాయి. ఏటా నువ్వు వేసిన బుట్టెడు ఆకు ఎరువు ఎక్కడికి పోతుంది అత్తయ్యా? ఎక్కడికీ పోలేదు. ముప్ఫై మూడేళ్లుగా అక్కడే పేరుకుంది. బూట్లు నడిచిపోలేదు, పూడిపోయాయి. గోడ చీలమండల దాకా తడిమట్టిలో నిలబడి ఉంది, మనం పక్కన నిలబడి దానికి రోజూ నీళ్లు పోస్తున్నాం.

ఆ మడి తవ్వి, రాయి బయటపడేదాకా మట్టి తీసేయాలి. పియోనీలను మార్చాలి. నీ పూలమడి నీకేమిటో రాశావు, ఆ ఉత్తరం మళ్లీ చదువుకునే ఇది రాస్తున్నాను. నీ అనుమతి కావాలి. తిరుగు టపాలో రాయి. అక్టోబర్ ఇరవై నాలుగు దగ్గరకొస్తోంది, మట్టిగోడ అంత త్వరగా ఆరదు.

ఆపిల్ పూర్తిచేయడం మర్చిపోయిన,
టామ్సిన్


ఎక్స్‌మత్
1 సెప్టెంబర్

టామ్సిన్,

బండి సంగతి అర్థమైంది, దాని గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగతాది తీసుకోను.

ముందు తప్పు గోడదన్నారు. తర్వాత టోపీది. ఇప్పుడు నాది. ఆ మడి వేసినప్పటి నుంచీ ఇరవై తొమ్మిదేళ్లు గోడ నిక్షేపంలా ఉంది. అప్పుడు లేని తడి ఇప్పుడెందుకొచ్చింది, చెప్పు? నీ ఉత్తరం ఎడ్మండ్‌కి చూపించాను. నవ్వాడు. "ఇంటిని తినేసేది నీ పూలేనా అక్కా, ఇన్నాళ్లూ నన్ను ఇల్లు కాజేసే దొంగ అన్నావు" అన్నాడు. టీ తాగకుండా లేచి వెళ్లాను.

నువ్వు అటూ ఇటూ కాకుండా నన్నూ ఎడ్మండ్‌నీ ఇద్దరినీ సంతోషపెట్టాలని చూస్తున్నావు. వద్దు. ఆ మడి మీద పార పడితే నేను ఇక్కడే ఉండిపోతాను. అది నా మాట. నా మాట సంగతి వంశమంతటికీ తెలుసని నువ్వే రాశావు.

హెస్టర్


నెదర్‌కూమ్
15 సెప్టెంబర్

అత్తయ్యా,

తవ్వేశాను.

నీ ఉత్తరం అందింది, అర్థమైంది, అది చదివాకే తవ్వాను. అందలేదని అబద్ధమాడే వీలుంది, పోస్టుమాస్టరు కూడా ఒప్పుకునేవాడు. కానీ నీకు అబద్ధం రాయలేను. ఇలా ఆలోచించాను. మడి ఉంటే గోడ తడి, నువ్వు ఎక్స్‌మత్‌లోనే. మడి పోతే కోపంతో నువ్వు ఎక్స్‌మత్‌లోనే. కోపం ఎప్పుడైనా ఆరవచ్చు. పూడిపోయిన గోడకు ఆ అవకాశం లేదు.

ఇరవై తొమ్మిదేళ్లు ఎందుకు బాగుంది అని అడిగావు. మట్టి రాతి పీఠం అంచు దాటేదాకా గోడకు ఏమీ కాదు. అంచు దాటిన ఏడాది నుంచే తాగడం మొదలెట్టింది. ఏడాదికి ఒక బుట్టే. ఏ బుట్టా పెద్దది కాదు. రోజూ చూసేవాళ్లకి కనబడదు అత్తయ్యా, నాలాగా ఏళ్ల తర్వాత వచ్చి కిటికీ మీద కూర్చున్నదానికి కనబడుతుంది, అందులో నా గొప్పేం లేదు.

మొదటి మొక్క లేపుతున్నప్పుడు పారని రెండు చేతులా బిగించి పట్టుకున్నాను. వెనక నుంచి గొంతు వినబడింది.

"పారని అలా పట్టుకుంటే పాతిపెట్టేది నిన్నే."

జెత్రో! నక్క తోక సంచిలో పెట్టుకుని వచ్చాడు. తూర్పు కొప్పు అలా వదిలేస్తే నిద్ర పట్టడం లేదట.

"మీ అత్త ఒప్పుకుందా?"

"లేదు."

"మరి?"

"తవ్వుతున్నాను."

"అచ్చం ఆవిడ పోలికే" అని కోటు విప్పాడు. "నేను సాయం చేయట్లేదు, గుర్తుంచుకో. నా చూరు తప్పేం లేదని నా కళ్లతో చూసుకుంటున్నాను, అంతే."

అతని భుజం నిజంగానే లేవదు. ఒంటిచేత్తో తవ్వాడు. ఇప్పుడు నీకు తెలియాల్సిన మాట. మొలకల కళ్లు మట్టిలో రెండు వేళ్ల లోతు దాటకూడదన్నావు. వాటిని వెతకడానికి జానెడు పైగా మట్టి తీయాల్సి వచ్చింది. నువ్వు ప్రేమగా వేసిన ప్రతి బుట్టా వాటిని ఇంకాస్త కిందకి తొక్కింది. నత్తలు కాదు అత్తయ్యా. గోడా, పూలూ ఒకే దుప్పటి కింద ఊపిరాడక ఉన్నాయి.

సాయంత్రానికి రాయి బయటపడింది. చీపురుతో తుడిచి, తడిగుడ్డతో కడిగాను. ఎర్రటి మట్టిగోడ కింద బూడిదరంగు రాళ్లు, ఒకదానికొకటి భుజాలు ఆనించి, ఇన్నేళ్లూ పిలుపు కోసం చూస్తున్నట్టు. జెత్రో టోపీ తీశాడు. "మీ వాళ్ల బూట్లకి పాలిష్ తగ్గింది గానీ చిరుగు లేదు" అన్నాడు.

మొక్కల దుంపలు తడి గోనెలో చుట్టి ఆపిల్ పళ్లు దాచే కొట్లో చల్లగా పెట్టాను. ఒక్కటీ విరగలేదు. ఎక్కడ నాటాలో నేను నిర్ణయించను. అది నీ పని. నువ్వు చెప్పేదాకా అవి ఎదురు చూస్తాయి, నేనూ చూస్తాను.

తప్పు చేశానని అనుకోని, క్షమించమని మాత్రం అడుగుతున్న,
టామ్సిన్


నెదర్‌కూమ్
12 అక్టోబర్

అత్తయ్యా,

నీ నుంచి జవాబు లేదు. పాలవాడు కూడా అడగడం మానేశాడు.

యూనివర్సిటీ తెరిచారు. గోడ ఆరబెట్టే పని మీద ఉన్నానని మా ట్యూటర్‌కి రాశాను. అది జబ్బా, వ్యాసమా అని ఆయన తిరుగు టపాలో అడిగారు. రెండూ కావచ్చని రాశాను.

నిన్న వాన వచ్చింది! మేడమీద నుంచి గోధుమలు కుమ్మరించినట్టు వచ్చింది. జెత్రో గొడుగు లేకుండా పరుగెత్తుకొచ్చి పడమటి చూరు కింద గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. వాన ఆగేదాకా కదల్లేదు. నీ పిల్లిని కూడా చంకలో పెట్టుకున్నాడు. వాన నీళ్లు చూరు అంచు నుంచి జల్లెడ పట్టినట్టు దూరంగా రాలాయి. "రాయి మీ అత్తకి! పిల్లి పొడి అని రాయి!" అని నన్ను కేకలేశాడు. రాస్తున్నాను. పిల్లి పొడి.

రెండు తలుపులూ ఎదురెదురుగా తెరిచి పెట్టి, రోజంతా గాలిని ఇంట్లోంచి నడిపిస్తున్నాను. పెద్ద పొయ్యిలో మంట ఆరనివ్వడం లేదు. గోడకు వార్తాపత్రిక కాగితం గుచ్చి పెడుతున్నాను. సెప్టెంబర్‌లో పెట్టిన కాగితం పొద్దుటికి తడిగుడ్డలా వేలాడేది. ఈ రోజు కాగితం పొద్దున తీస్తే గరగరలాడింది. కింద రాతి దగ్గర మాత్రం ఇంకా కాస్త చల్లగా ఉంది. గోడంతా పూర్తిగా ఆరడానికి మళ్లీ వేసవి రావాలని జెత్రో అంటాడు. బాబాయి చేతికి ఎంత పొడి చాలో నాకు తెలియదు.

నువ్వు రాకపోయినా సరే, ఈ ఇల్లు ఆరిందని నీకు తెలియాలి.

టామ్సిన్


ఎక్స్‌మత్
26 అక్టోబర్

చిరంజీవి టామ్సిన్‌కి,

ఎడ్మండ్ నిన్ను చూసి వెళ్లాడు గానీ నీతో ఏమీ చెప్పలేదట, నీ ముఖం పాలిపోయిందట. వాడి పద్ధతే అంత. ఇంటికొచ్చి నాతో ఏమన్నాడో విను.

హ్యాటు కూడా తీయకుండా కుర్చీలో కూలబడ్డాడు. "ఏమైందిరా?" అన్నాను.

"చెయ్యి పెట్టి చూశానక్కా."

"పెట్టి?"

"నమ్మలేదు. చెంప పెట్టాను."

"చెంప పెట్టి?"

"గోడ వెచ్చగా ఉందక్కా. చిన్నప్పుడు నేను గోళీలాడుకుంటూ ఆ గోడకే చెంప ఆనించి నిద్రపోయేవాణ్ణి కదా. అలాగే ఉంది." తర్వాత చాలాసేపు ముక్కు చీదుకున్నాడు. అడుగున కాస్త చల్లగా ఉందని వాడే ఒప్పుకున్నాడు, "చీలమండలే కదా, నీ మంచం అంతకంటే ఎత్తు" అని వాడే అన్నాడు. దొంగ అన్న మాట వెనక్కి తీసుకున్నాను. వాడు భయపడ్డాడే, అంతే. మా అమ్మ ఆ గదిలోనే దగ్గి దగ్గి పోయింది.

నీకు ఎందుకు రాయలేదంటావా? నేను నీకు రాయాలనుకున్నవి పోస్టుమాస్టరు కవరు మీంచి కూడా చదవగలిగినవి. అవి చల్లారాక ఏం రాయాలో తెలియలేదు. ఆ లోగా పనిలో పడ్డాను. ఈ ఇంట్లో మెట్లు లేవు గనక రోజూ చర్చికి పోయి గంటగోపురం మెట్లు ఎక్కుతున్నాను. మొదటి వారం మూడు మెట్లు. నిన్న గంట దాకా వెళ్లి, దాన్ని కొట్టి దిగాను. ఊరంతా అగ్నిప్రమాదం అనుకుని పరుగెత్తుకొచ్చింది.

మడి మీద పార పడితే ఇక్కడే ఉంటానని మాటిచ్చాను. దాని గురించి బాగా ఆలోచించాను. మాట ఇచ్చింది కుందేలు చెప్పులు వేసుకున్న ముసలిది. అది ఇక్కడే ఉంటుంది, ఆ చెప్పులు ఎడ్మండ్‌కి వదిలేసి వస్తున్నాను.

నేను తప్పు చేశానని మాత్రం రాయను. నువ్వూ ఎదురుచూడకు. పియోనీలు గేటు నుంచి ఆపిల్ చెట్ల దాకా దారికి రెండు వైపులా నాటు, ఎండ బాగా తగిలేలా. గోడకు దూరంగా. కళ్లు రెండు వేళ్ల లోతు, నీ వేళ్లు కాదు, నీవి పొడుగు, జెత్రో వేళ్లు కొలత పెట్టుకో. వచ్చే ఏడాది పూయవు, అలుగుతాయి. ఆ పై ఏడాది పాదిరిగారి భార్య ముఖం చూద్దాం. ఎరువు బుట్ట అటక మీద పెట్టెయ్, నా చేతికి అందకుండా.

జెత్రోకి చెప్పు, వాడి చూరు వాడి తాత చూరు కంటే రెండు వేళ్లు పొట్టే. కానీ పిల్లి సాక్ష్యం కొట్టేయలేను. నక్క తోక ఎటు తిరిగి ఉందో వచ్చి చూస్తాను.

పైగదిలో ఆ నేల తలుపు బందులకి నూనె రాయించు. ఇంకోసారి ఆ దారిన దిగాల్సింది ఎలాగూ ఉంది, అప్పుడు అరవనులే. తొందరేం లేదు.

గురువారం మధ్యాహ్నం ఎడ్మండ్ కారులో వస్తున్నాను. కుర్చీ ఖాళీ చేసి ఉంచు. నువ్వు శుక్రవారం యూనివర్సిటీకి బయల్దేరు, ఈసారి జబ్బు పేరు చెప్పొద్దు. కొత్త మాటలేమైనా నేర్చుకుంటే వాటిని ముందు నాకు రాయి.

టోపీ నా తల మీదే ఉంటుంది. నా బూట్లు మెట్ల కింద ఉన్నాయి, మట్టి దులిపి గేటు దగ్గరికి పట్టుకురా. మన ఇంట్లో అడుగుపెట్టడం వాటితోనే.

మీ అత్త,
హెస్టర్